అమావాస్యకు కుదరని ఆరు రోజులు

2024 అక్టోబరు 2, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. మెదక్‌లో మా ఇంటి వరండాలో కూర్చొని, ఎంగిలిపూల బతుకమ్మను ఏడు వరసల ఎత్తుకు పేర్చి, పేర్చిన చేతులతోనే దాన్ని బోర్లా తోసేశాను.

కారణం రాసి ఉంచాను. ఐదో వరసలో తంగేడు పెట్టవలసిన చోట నా కూతురు హారిక గునుగు పెట్టింది. అంతకు మించి ఏమీ లేదు.

"నేనేం చేసిన అమ్మా? ఒక్క వరస తప్పు పెట్టిన, గంతే గదా" అన్నది హారిక. పదో తరగతి చదువుతున్న పిల్ల. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

మా అత్తమ్మ లోపలి నుంచి వచ్చి గడప మీదే ఆగిపోయింది. "పెత్తరమాస పూట బతుకమ్మను బోర్లేస్తివా బిడ్డా! పగోడు గూడ జెయ్యడు గీ పని."

కోపం ఒక నిమిషం కూడా నిలవలేదు. దాని స్థానంలో సిగ్గు మిగిలింది. చెదిరిన పూలు ఏరి మళ్లీ పేర్చాను. నాలుగు వరసలకే సరిపోయాయి. ఆడుకొనే చోట పక్కింటామె "ఈ ఏడు గింత చిన్నగ పేర్చిండ్రేందే?" అని అడిగితే, "పూలు దొరకలే అత్తా" అన్నది హారిక. నా తప్పును నా కూతురు అబద్ధంతో కప్పడం అదే మొదటిసారి.

ఇది నెలసరికి ముందు మనసును పట్టుకొనే ఒక జబ్బుతో నేను గడిపిన కాలపు వివరం. దానికి ఒక పేరున్నదని తెలియడానికి నాకు ఆ సాయంత్రం నుంచి సరిగ్గా ఏడు నెలలు పట్టింది. గట్టెక్కిన తర్వాత రాస్తున్నాను. సగం నేను నిలదొక్కుకోవడానికి, సగం ఇదే దారిలో ఉన్న మరొక స్త్రీకి ఆ ఏడు నెలలలో కొన్నయినా తగ్గించడానికి.

నా పేరు పద్మ. వయసు నలభై నాలుగు. మండల కార్యాలయంలో గణాంకాల పని. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలోని నీటిని కొలిచి రిజిస్టరులో ఎక్కించడం నా విధుల్లో ఒకటి. పంతొమ్మిదేళ్లుగా డైరీ రాస్తున్నాను. ఇందులోని తారీఖులు జ్ఞాపకం మీద ఆధారపడి రాసినవి కావు, డైరీల నుంచి తీసినవి.

అక్టోబరు నుంచి జనవరి

బతుకమ్మ సంగతి జరిగిన వారానికే అత్తమ్మ తన లెక్క తాను వేసింది. సెప్టెంబరులో, పోలాల అమావాస్య వెళ్లిన మర్నాడు, ఒక దశాంశ బిందువు విషయంలో నా సహోద్యోగిని సుజాతను నలుగురి ముందు చదువు రానిదానివని అన్నాను. అక్టోబరులో పెత్తరమాస, అంటే పెద్దల అమావాస్య నాడు, బతుకమ్మ. ఆ నెలాఖరులో, దీపావళి అమావాస్యకు మూడు రోజుల ముందు, అన్నం పళ్లెం గోడకు తగిలింది. మూడు అమావాస్యలు, మూడు గొడవలు.

"అమాస గాలి సోకింది నీకు. గుమ్మడికాయ కడుదాం, నల్లదారం గట్టుకో" అన్నది అత్తమ్మ. ఆమె నన్ను నిందించలేదన్న సంగతి ఇక్కడ రాసి తీరాలి. తప్పును నా మీది నుంచి తీసి గాలి మీద పెట్టింది. అది ఆమెకు తెలిసిన దయ.

మా ఆయన నర్సింలుకు బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. ఆయన తన పనిలోంచే మాట తెచ్చాడు. "నిన్ను పలకరియ్యాలంటే ముందుగాల టెస్టర్ పెట్టి చూసుకోవాలె పద్మా. కరెంటున్నదో లేదో తెల్వకుంటున్నది." ఈ మాట అక్టోబరు 28న అన్నాడు, గోడకు తగిలిన పళ్లెం అప్పటిదే. నవంబరు 6న మళ్లీ అదే మాట అన్నాడు, కడుపుబ్బ నవ్వాను. ఒకే మాట, ఒకే మనిషి, తొమ్మిది రోజుల తేడా. రెండూ డైరీలో రాశాను, రెంటినీ కలిపి చదవలేదు.

ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పాలి. ముందు నిద్ర పోయేది. రొమ్ములు బరువెక్కి, ఒళ్లంతా నీరు పట్టినట్టుండేది. తర్వాత శబ్దాలు పెద్దవయ్యేవి. కుక్కరు కూత చెవిలో మేకు దించినట్టుండేది. మూడో రోజుకల్లా ఇంట్లో అందరూ నాకు వ్యతిరేకంగా ఏదో అనుకుంటున్నారన్న నమ్మకం కుదిరేది. అనుమానం కాదు, నమ్మకం. అన్నిటికన్నా మోసకరమైన సంగతి అదే: ఆ రోజుల్లో నాకు కనిపించినదే నిజమనీ, మిగతా రోజుల్లో నేను సర్దుకుపోతున్నాననీ అనిపించేది. ఆ తర్వాత ఒక ఉదయం లేచేసరికి అదంతా ఎవరో చెరిపేసినట్టు ఉండేది. అప్పుడు క్షమాపణలు మొదలు.

నవంబరులో ఇది అమావాస్య ఇంకా పది రోజులుండగానే మొదలైంది. "ముందుగాలనే పట్టుకుంటున్నది" అన్నది అత్తమ్మ. డిసెంబరులో పున్నమి మర్నాడు మొదలైంది. "ఇగో, పున్నానికి గూడ మొదలైందే!" అన్నది. ఒక సూత్రానికి సరిపడని సంగతి ఎదురైతే సూత్రాన్ని అనుమానించాలి గాని దాన్ని వెడల్పు చేయకూడదు. ఉద్యోగంలో ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. ఇంట్లో గుర్తు రాలేదు. నేనూ నల్లదారం కట్టుకున్నాను.

ఫిబ్రవరి 26, ఏడుపాయల

శివరాత్రి. మర్నాడు అమావాస్య. అత్తమ్మ లెక్క ప్రకారం ఆ రెండు రోజులు నాకు గండం. అందుకని కుటుంబమంతా ఏడుపాయల జాతరకు వెళ్లాం. మంజీరలో స్నానం చేసి, తడిబట్టలతో వరుసలో నిలబడి వనదుర్గమ్మకు ఒడిబియ్యం పోశాం. జనం ఒకరి కాళ్లు ఒకరు తొక్కుతున్నారు. ఎవరో నా కొంగు లాగారు. ఒక పెద్దమనిషి నా భుజం మీదుగా కొబ్బరికాయ అందించబోయి నెత్తిన నీళ్లు పోశాడు. నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. అత్తమ్మ నా మొహం వంకే చూస్తూ కళ్లొత్తుకున్నది.

"తల్లి సూసింది. ఇగ పోయింది నీ పీడ" అన్నది.

హారిక తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. బతుకమ్మ తర్వాత ఐదు నెలలకు అది మొదటిసారి. బాగయిందని నేనూ నమ్మాను. అమ్మవారి మీద నాకున్న భక్తి ఇప్పటికీ తగ్గలేదు. తప్పు అమ్మవారిది కాదు, మేము ఎంచుకున్న తారీఖుది.

మార్చి 6, గురువారం

ఎనిమిది రోజులు గడిచాయి. హారిక పరీక్షలకు పదిహేను రోజుల వ్యవధి ఉంది. సాయంత్రం ఆరున్నరకు ఒక లెక్క చెప్పమని నా దగ్గరికి వచ్చింది. రెండుసార్లు చెప్పాను. మూడోసారి అడిగింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట డైరీలో ఉన్నది ఉన్నట్టు ఉంది, ఇక్కడా దాచను.

"నువ్వు పుట్టిన కాన్నుంచే నా బతుకు గిట్లయింది."

పళ్లెం గోడకు తగిలితే సొట్ట పడుతుంది, అంతే. ఈ మాట ఎక్కడ తగిలిందో పిల్ల మొహంలో చూశాను. చూసి కూడా ఆగలేదు. పుస్తకం మూసి దాని వైపు విసిరాను.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉండగా హారిక తండ్రితో మాట్లాడటం వినిపించింది. ఇంటర్మీడియట్ కోసం హైదరాబాదులోని ఒక రెసిడెన్షియల్ కాలేజీ ఫారం ఆయన ముందు పెట్టింది.

"గీడనే చదువుకుంట అంటివి గదా బిడ్డా?" అన్నాడాయన.

"గీ ఇంట్ల ఉండ డాడీ."

"అమ్మ కోపానికేనా? పొద్దుగాలకు మర్చిపోతది."

"అమ్మ మంచిగున్నప్పుడు మస్తు మంచిగుంటది. గదే భయం నాకు. ఎప్పుడు మారుతదో తెల్వది. మొన్న బస్సుల నిద్రపోయిన గదా, గట్ల నిద్ర పోవొద్దుండె."

ఆయన సంతకం చేశాడు. కలం గీసిన చప్పుడు నాకు వినిపించింది. జూన్‌లో కాలేజీ తెరుస్తారు. అంటే నా కూతురు నన్ను వదిలిపోవడానికి మూడు నెలలు లేవు. అది చదువు కోసం పోవడం కాదు, నా నుంచి పారిపోవడం. అలాంటి పోవడంలో తిరిగి రావడం ఉండదని నాకు తెలుసు.

మార్చి 8, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. డైరీలో ఒక వాక్యం రాశాను: "నేను లేకుంటే ఈ ఇల్లు నిమ్మళంగా ఉంటుంది." రాసి, సమయం వేసి, చదువుకున్నాను. నా దస్తూరీలో, నా సిరాతో ఉన్న ఆ వాక్యం నన్ను భయపెట్టింది. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా ఆ ఆలోచన వస్తే, ఆ రోజే, ఆ పూటే, ఒక మనిషికి చెప్పండి. నేను ఆ పేజీ పట్టుకొని నడుచుకుంటూ దుకాణానికి వెళ్లి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివాడు. చేతులు తుడుచుకొని మళ్లీ చదివాడు.

"సోమారం దవాఖానకు పోదాం" అన్నాడు. షట్టర్ దించి నాతో పాటు ఇంటికి వచ్చాడు. ఆ రెండు రోజులూ నన్ను ఒంటరిగా ఉంచలేదు.

మార్చి 9న నెలసరి వచ్చింది. పదో తారీఖు పొద్దున లేచేసరికి మబ్బు విడిచింది. "నాకు మంచిగైంది, ఇగ ఎందుకు పోవుడు?" అన్నాను.

"గిట్లనే మంచిగైతది, గిట్లనే మల్లొస్తది" అన్నాడాయన. "మోటర్ గూడ గట్లనే పద్మా. తెచ్చినోడు దుకాణంల పెట్టంగనే మంచిగ తిరుగుతది. బాయికాడికి తీస్కపోతే మల్ల ఆగుతది. నడ్వు."

మార్చి 10, దవాఖాన

ఎనిమిది ఇరవైకి చేరాం. చీటీల కిటికీ ఇంకా తెరవలేదు. వరుసలో మనుషుల కన్నా చెప్పులు ఎక్కువున్నాయి. చెప్పులు వరుసలో పెట్టి గోడ నీడన కూర్చోవడం ఇక్కడి పద్ధతి. నా చెప్పులు ముప్పై ఒకటో జత. నా తర్వాతి జత రేగోడ్ నుంచి మోకాళ్ల నొప్పులకు వచ్చిన ఒక పెద్దామెది.

ఏమని చెప్పాలి లోపల? కోపమొస్తుందనా? నలభై నాలుగేళ్ల మనిషి, డాక్టరు దగ్గరికి వచ్చి, కోపమొస్తుందని చెప్పాలా? అలా అనుకుంటూనే ఏడుపు వచ్చింది. మా ఆయన చాయ్ తేవడానికి వెళ్లాడు. నేను లేచి పక్కకు వెళ్లబోతూ వరుస వంక చూసుకున్నాను.

"పో చెల్లే, పో. మొఖం కడుక్కొని రా. నీ చెప్పులు నేను జరుపుత" అన్నది రేగోడ్ ఆమె.

"నీ మోకాళ్లకు కష్టమైతది గదమ్మా, వంగుడు."

"నా మోకాళ్లు యాడికి పోతయ్, గీడనే ఉంటయ్. నీ కండ్లల్ల నీళ్లు ఆగుతలెవ్వు, నువ్ పో."

తిరిగి వచ్చేసరికి నా చెప్పులు తొమ్మిది జతల దూరం ముందుకు జరిగి ఉన్నాయి. ఏమైందని ఆమె అడగలేదు. ఆమె పేరు నేనూ అడగలేదు. ఆ రోజు నాకు అందిన వైద్యంలో మొదటి భాగం అదే.

డాక్టరమ్మ వయసులో నాకన్నా చిన్నది. నేను చెప్పలేకపోయాను, డైరీ బల్ల మీద పెట్టాను. ఆమె పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది.

"పేజీ మీద గీ ఎర్ర సున్నా ఏందమ్మా?"

"దూరమైన రోజు మేడం" అన్నాను. మా ఇళ్లలో నెలసరిని అలా అంటారు. ఆ నాలుగు రోజులు దేవుని గదిలోకి పోకూడదు, దీపం ఎవరు పెట్టాలో ముందుగా తెలియాలి. అందుకోసం పెళ్లయిన కొత్తలో అత్తమ్మ నేర్పిన అలవాటు, పేజీ పైమూలన ఎర్ర సిరాతో సున్నా.

"కింద రాసిన గొడవలు?"

"అవి నా కోసం రాసుకున్నవి."

"పైనున్నది దేవుని కోసం, కిందున్నది మీ కోసం. గిన్ని రాసిండ్రు గదా, పైనున్నది కిందున్నది ఎప్పుడన్న కలిపి సూసిండ్రా?"

చూడలేదు. ఒకే పేజీ మీద, జానెడు దూరంలో ఉన్న రెండు అంకెలను ఇన్నేళ్లు నేను కలిపి చూడలేదు. ఎర్ర సున్నా పూజకు సంబంధించిన సమాచారమని నా మనసులో స్థిరపడిపోయింది. అది నా శరీరం గురించినదని తోచలేదు.

ఆమె వెంటనే పేరు చెప్పలేదు. రక్తం తక్కువగా ఉందేమో, థైరాయిడ్ తేడా ఉందేమో చూడటానికి పరీక్షలు రాసింది. "రెండు నెలలు రోజూ రాత్రి పండుకునే ముందల సున్నా నుంచి ఐదు దాంక ఒక అంకె వెయ్యుండ్రి. నిద్ర, కోపం, ఏడుపు, ఒళ్లు బరువు. మంచి రోజులు గూడ రాయాలె. మంచి రోజులు రాయకుంటే చెడ్డ రోజులు ఎన్నో ఎట్ల తెలుస్తది?"

వాన పడని రోజున రిజిస్టరులో సున్నా వేయాలని, ఖాళీ వదలకూడదని పంతొమ్మిదేళ్లుగా కొత్తవాళ్లకు చెబుతున్నాను. నా విషయంలో ఒక్క మంచి రోజుకూ సున్నా వేయలేదు.

రెండు నెలల ఎదురుచూపు

ఆ వారమంతా పాత డైరీలు ముందు వేసుకొని కూర్చున్నాను. సెప్టెంబరు నుంచి మార్చి వరకు రాసిన గొడవలు ముప్పై ఒకటి. అందులో ఇరవై ఏడు, ఎర్ర సున్నా రోజు, దానికి ముందటి ఐదు రోజులు కలిపిన ఆరు రోజులలోపే ఉన్నాయి. మిగిలిన నాలుగింటికి న్యాయమైన కారణాలున్నాయి. మూడింటికి కారణం మా ఆయనే.

తర్వాత పంచాంగం తీసి మూడో వరుస గీశాను. నలభై దాటాక నా నెలసరి ఇరవై ఆరు రోజులకు కుదించుకుపోయింది. అమావాస్య ఇరవై తొమ్మిదిన్నర రోజులకు వస్తుంది. నెలకు మూడున్నర రోజుల తేడా. దీపావళి అమావాస్యకు ఎర్ర సున్నా ఒక రోజు ముందుంది. నవంబరులో ఐదు రోజులు, డిసెంబరులో తొమ్మిది, జనవరిలో పదమూడు. శివరాత్రి నాటికి రెండు లెక్కలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురెదురుగా ఉన్నాయి. ఏడుపాయలలో నాకు కోపం రాకపోవడానికి కారణం నా ముందున్న కాగితం మీద ఉంది.

అత్తమ్మకు చూపించాను. ఆమెకు చదువు రాదు గాని లెక్క వచ్చు. వేళ్ల కణుపుల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నది.

"అమాస తప్పదు గద బిడ్డా" అన్నది చివరికి.

"అమాస తప్పలే అత్తమ్మా. నేనే దాన్ని తప్పుకుంట వచ్చిన."

తలెత్తి గుమ్మానికి వేలాడుతున్న కాయ వంక చూసింది. "అయితే గుమ్మడికాయ దించుదామా?"

"ఉండనీ. ఇంటికి దిష్టి తగలొద్దు గదా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఏప్రిల్ 13, ఆదివారం, అల్లాదుర్గ్‌లో తమ్ముడి ఇంట్లో ఉంటున్న మా అమ్మ దగ్గరికి వెళ్లాను. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలలో ఒకటి మిగిలి ఉంది: మీ తల్లికి ఇట్ల ఉండెనా?

నా చిన్నతనంలో అమ్మ నెలకొకసారి అలిగి బావి దగ్గరి కొట్టంలో రెండు మూడు రోజులు ఉండేది. ఊళ్లో అందరికీ తెలుసు. మమ్మల్ని వదిలేసి పోయేదని నాకు ఆమె మీద చాలా ఏళ్లు కోపం ఉండేది. ఆ సంగతి ఇప్పుడే మొదటిసారి అడిగాను.

"అలుగుడు గాదే" అన్నది అమ్మ. "చెయ్యి లేస్తుండె. నీ మీద పడ్తదో, తమ్ముని మీద పడ్తదోనని పోతుంటి. కొట్టంల కూసుంటే ఎవ్వలు లేకుండిరి కొట్టుటానికి."

"మరి ఎందుకు చెప్పకపోతివమ్మా?"

"ఏమని చెప్పాలె? పేరుంటే గద చెప్పేతందుకు."

నేను నలభై ఏళ్లుగా తప్పుగా నమోదు చేసుకున్న ఒక అంకె ఆ మధ్యాహ్నం దిద్దుకున్నాను.

మే 2

రెండు నెలల కాగితాలు తీసుకొని వెళ్లాం. రక్త పరీక్షలలో తేడా లేదు. నేను వేసిన అంకెలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది: ఇరవై రోజులు సున్నా లేదా ఒకటి; ఆరు రోజులు నాలుగు లేదా ఐదు.

డాక్టరమ్మ చెప్పిన సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది. నెలసరికి ముందు కొద్దిపాటి చిరాకు, నీరసం చాలామందికి ఉంటాయి. అది ఓర్చుకోగలిగిన రకం. కొద్దిమందికి అది బతుకును చెదరగొట్టేంతగా వస్తుంది. నాది ఆ గట్టి రకం. దాని ఇంగ్లీషు పేరు చీటీ మీద రాసి ఇచ్చింది. "మీ ఒంట్ల హార్మోన్లు తప్పుగ లెవ్వు. అందరికి పెరిగినట్టే పెరుగుతయ్, తగ్గినట్టే తగ్గుతయ్. ఆ ఎచ్చుతగ్గులను మీ మెదడు ఓర్సుకుంటలేదు. గంతే. ఇది మీ గుణం గాదు."

ఎవరికి వస్తుందని అడిగాను. ఎవరికైనా రావచ్చునన్నది. కానీ కొందరికి అవకాశం ఎక్కువ: తల్లికో అక్కచెల్లెళ్లకో ఉన్నవారికి, ఇదివరకు ఎప్పుడైనా, ముఖ్యంగా కాన్పు తర్వాత, మనసు కుంగినవారికి, ముప్పై దాటి నెలసరి ఆగే వయసు వైపు నడుస్తున్నవారికి, నిద్ర తక్కువై ఒత్తిడి ఎక్కువైనవారికి. నాలుగింటిలో నాకు నాలుగూ ఉన్నాయి. హారిక పుట్టినప్పుడు మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాను. బాలింతకు గాలి సోకిందన్నారు. నా జీవితంలో గాలి చాలా నిందలు మోసింది.

మాత్ర రాసింది. పేరు ఇక్కడ రాయను. నాకు కుదిరినది మరొకరికి కుదరకపోవచ్చు. మనసు డాక్టర్లు ఇచ్చే మాత్ర అని తెలిసి మా ఆయన మొహం కొంచెం మారింది. కానీ ఆ సాయంత్రం తెలిసిన మందుల దుకాణం దాటుకొని, ఊరి ఆ చివర ఎవరూ ఎరగని దుకాణానికి స్వయంగా పోయి తెచ్చాడు. అది సిగ్గో, నన్ను కాపాడటమో నేను తేల్చుకోలేదు. రెండూ కావచ్చు.

మే 21 నుంచి 26

మందు మొదలుపెట్టాక వచ్చే మొదటి ఆరు రోజులు. హారికకు సీటు వచ్చింది. జూన్ 2న చేరాలి. అందరం పైకి చెప్పుకోకుండా ఆ ఆరు రోజుల కోసం కాచుకొని ఉన్నాం.

మే 24, శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. వారం కిందట పెట్టిన ఆవకాయ జాడీలో హారిక తడి గరిటె పెట్టింది. కొత్త ఆవకాయకు తడి తగిలితే బూజు పడుతుంది, ఏడాది పచ్చడి. చూశాను. అరికాళ్ల నుంచి వేడి లేచింది. లేచిన సంగతి నాకు తెలిసింది. ఇదివరకు ఎప్పుడూ, అది నోటి దాకా వచ్చే వరకు నాకు తెలిసేది కాదు. తేడా అంతే. మందు కోపాన్ని తీసేయలేదు, కోపానికీ నోటికీ మధ్య ఒక మెట్టు కట్టింది.

"హారికా, నాకు ఇయ్యాల నాలుగో రోజు" అన్నాను. "జర సేపు మిద్దె మీద ఉంట."

ఎక్కి నిలబడ్డాను. చర్చి గోపురం మీద ఎండ పడుతున్నది. ఊపిరి లెక్కపెట్టుకున్నాను. దిగివచ్చేసరికి హారిక జాడీ పైపొర తీసేసి, అంచు పొడిగుడ్డతో తుడిచి, నూనె పోసి మూత పెట్టింది.

"పద్దెనిమిది నిమిషాలు" అన్నది. "గడియారం సూస్తనే ఉన్న."

"భయమైందా?"

"అయింది. పైనకు పోయినంక తగ్గింది." నా మొహం చూడకుండా, మూత మీద గుడ్డ కడుతూ అడిగింది: "నాగ్గూడ వస్తదా అమ్మా?"

అమ్మమ్మకు ఉంది, నాకు ఉంది. అబద్ధం చెప్పడానికి వీలు లేదు. "రావొచ్చు, రాకపోవొచ్చు. వస్తే మాత్రం మొదటి నెలనే దానికి పేరుంటది. నాకు పేరు లేకుండె. మీ అమ్మమ్మకు అసలే లేకుండె."

అప్పుడు మార్చి 6 నాటి మాట గురించి మాట్లాడాను. ఆ మాట అన్నది జబ్బు అని చెప్పలేదు. అన్నది నేనే, తప్పు నాదే అన్నాను. కారణం తెలిసినంత మాత్రాన మాట వెనక్కి రాదు.

"గది నిజమేనా?" అన్నది.

"అబద్ధం. ఆ రోజుల నాకు నిజమనిపించే అబద్ధం."

తల ఊపింది. పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు, విని పెట్టుకున్నట్టు.

"నేను పోత అమ్మా" అన్నది. "ఫారం రాసినప్పుడు నీ నుంచి పోదామని రాసిన. ఇప్పుడు సీటు మంచిదొచ్చింది, అందుకు పోత."

"ఉండమంటే ఉంటవా?"

"అడగకు. అడిగితే ఉంట."

నేను అడగలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

హారికను దింపి వచ్చి నూట నాలుగు రోజులు దాటాయి. నాలుగు నెలసరులు గడిచాయి. పూర్తిగా పోయిందని రాయను. ఆగస్టు 9న మా ఆయన మీద నలభై నిమిషాలు అరిచాను, సోమవారం డాక్టరమ్మను అడిగి మందు మోతాదు సరిచేయించుకున్నాను. చాయ్ రెండు పూటలకు తగ్గించాను. పొద్దున కోట చుట్టు దారిలో నడుస్తున్నాను. అత్తమ్మ ఇప్పుడు తారీఖు నన్నే అడిగి, ఆ ఆరు రోజులూ కుక్కరు పని తాను చూసుకుంటున్నది.

పోయినవి. సుజాత స్నేహం: ఆమెకు అంతా చెప్పాను, మర్యాదగా విన్నది, భోజనాల వేళ పక్కన కూర్చోవడం లేదు. హారిక పదో తరగతి సంవత్సరం: అది నేనంటే భయంతో గడిచింది, తిరిగి ఇవ్వలేను. ఇంకా రెండేళ్లు ఇంట్లో ఉండవలసిన కూతురు. మా అమ్మ మీద నలభై ఏళ్లు అనవసరంగా పెట్టుకున్న కోపం. అది పోయినందుకు బాధ లేదు.

మిగిలినవి. నేను. ఉద్యోగం. మా ఆయన, అత్తమ్మ. ఆరు చెడ్డ రోజుల స్థానంలో రెండు, వాటికి వేసే అంకె కూడా ఐదు కాదు, రెండో మూడో.

హాస్టలులో పిల్లలు సాయంత్రం ఏ రోజైనా ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. నా నెలసరి తారీఖులు హారికకు తెలుసు. పోయేటప్పుడు రాసుకొని పోయింది. జూన్ 2 నుంచి నిన్నటి వరకు, నూట నాలుగు రోజులలో, ముప్పై తొమ్మిది ఫోన్లు చేసింది. ఈ నూట నాలుగు రోజులలో, నెలసరికి ఆరు చొప్పున, ఆమె భయపడవలసిన రోజులు ఇరవై నాలుగు. ఆ రోజులు తప్పించుకొని చేస్తే వాటిలో ఒక్క ఫోనూ రాకూడదు; పిల్ల తారీఖు చూసుకోకుండా చేస్తే, లెక్క ప్రకారం తొమ్మిది రావాలి.

పదకొండు వచ్చాయి.